వేలు చూపించిన మొగ్గ

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. అన్నం పొయ్యి మీద పెట్టి అలమర సర్దడానికి వెళ్తాను, అలమర సగంలో వదిలేసి పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతాను, ఈలోగా అన్నం అడుగంటుతుంది. బళ్ళో పాఠం చెప్పేటప్పుడు కూడా నల్లబల్ల దగ్గర్నుంచి ఆఖరి బెంచీ దాకా నాలుగు పచార్లు చేస్తే గాని నోట్లోంచి మాట రాదు. పెళ్ళయిన మొదటి వారంలోనే మావారు నాకు కాలుగాలిన పిల్లి అని బిరుదిచ్చారు. ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. దీనికి తోడు ముక్కు మీద కోపం. ఈ రెండూ కలిస్తే పక్కమనిషికి ఎంత అన్యాయం జరగ్గలదో నాకు ఒక బ్రహ్మకమలం మొక్క వల్ల తెలిసింది. అది తెలియడానికి పదేళ్ళు పైనే పట్టింది.

ఎనభైల మొదట్లో మేం తెనాలిలో అద్దెకుండేవాళ్ళం. ఆ ఇంటికి రెండు వాటాలు. వీధి వైపు వాటాలో మేమిద్దరం, పెరటి వైపు వాటాలో ఒకావిడ. ఆవిడకి నలభై అయిదు దాటి ఉంటాయి. చీరాల దగ్గర నేతపనివాళ్ళ ఇంటి ఆడపడుచు. భర్త పోయాక పుట్టింటి మగ్గాల మీద నేసిన చీరలు తెచ్చుకుని, మూట చంకన పెట్టుకుని, తెనాలి వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి అమ్ముకునేది. నేను పిన్నిగారూ అనేదాన్ని, ఆవిడ నన్ను అమ్మాయ్ అనేది. మేం లూథరన్లం, ఆవిడ శనివారాలు ఒక్కపొద్దు ఉండే మనిషి. క్రిస్మస్‌కి మా అరిసెలు ఆవిడ వాటాకి వెళ్ళేవి, చవితికి ఆవిడ ఉండ్రాళ్ళు మా వాటాకి వచ్చేవి. మధ్యలో గోడ ఉందన్న మాటే గాని పప్పు పోపు ఎవరింట్లో మాడినా ఇద్దరం ఒకేసారి దగ్గేవాళ్ళం.

ఆవిడ పెరట్లో, నూతి గోడ పక్కన, ఒక పగిలిన గాబులో ఉండేది ఆ బ్రహ్మకమలం. చూడ్డానికి ఏమీ ఉండదు ఆ మొక్క. కాక్టస్ జాతే గాని ముళ్ళుండవు. ఆకే కొమ్మ, కొమ్మే ఆకు. ఇస్త్రీ లేని రిబ్బన్లలా ఎటు పడితే అటు వేలాడుతుంటుంది. ఏడాదిలో ముప్పాతిక భాగం దాని మొహం ఎవరూ చూడరు. వానలు పడ్డాక ఆకు అంచున ఉన్న గంట్లలోంచి మొగ్గ వస్తుంది. రెండు మూడు వారాలు తలకిందులుగా వేలాడి, ఒకరోజు మెడ పైకెత్తి, ఆ రాత్రికి విచ్చుకుని, తెల్లారేసరికి వాలిపోతుంది. అంతే. ఆ ఒక్క రాత్రి వీధి మొత్తం పిన్నిగారి పెరట్లోనే ఉండేది. ఆవిడ కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, అందరికీ పటికబెల్లం ముక్కలు పంచేది. ఏ పేరంటానికీ ఆవిణ్ణి పిలవని ఆడవాళ్ళు ఆ రాత్రి మాత్రం ఆవిడ పిలవకుండానే వచ్చేవాళ్ళు. ఆవిడ మొహం అప్పుడు చూడాలి.

మొదటిసారి ఆ పువ్వు చూసిన రాత్రే నాక్కూడా అది కావాలనిపించింది. అనిపించాక ఆగే మనిషిని కాను కదా. తెల్లారగానే వెళ్ళి ఒక ఆకివ్వమన్నాను. ఆవిడ ఒక ముదురాకు కోసి, కోసిన చోటు ఆరాలని రెండు రోజులు నీడన పెట్టింది. ఆ రెండు రోజుల్లో నేను నాలుగుసార్లు వెళ్ళి ఆరిందా అని అడిగాను.

"ఇది నీలాంటిది కాదమ్మాయ్. దీన్ని పాతిపెట్టి మర్చిపోవాలి," అంది పిన్నిగారు నవ్వుతూ.

పాతిపెట్టాను. మర్చిపోవడం మాత్రం నా వల్ల కాలేదు. పొద్దున్న ఎండ తగలాలని ఆ కుండీని వీధరుగు మీద పెట్టేదాన్ని. బడికి బయల్దేరేముందు ఎండ ముదురుతుందని మెట్ల కిందకి జరిపేదాన్ని. బడి నుంచి రాగానే గాలాడాలని నూతిగట్టు మీదకి ఎక్కించేదాన్ని. అల్లరి పిల్లల్ని బెంచీలు మార్చినట్టు మార్చేదాన్ని రోజుకి మూడుసార్లు. అలా మూడేళ్ళు గడిచాయి. ఆకు పక్కన ఆకు వచ్చింది, పొడుగ్గా కొరడాల్లాంటి కొమ్మలొచ్చాయి, మొగ్గ మాత్రం లేదు. నాకెంత చిరాకంటే, ఒకరోజు ఆ మొక్కని పట్టుకుని, "నీకోసం ఎవరు కూర్చుంటారే ఇక్కడ?" అని పైకే తిట్టాను. గోడవతల పిన్నిగారు పకపకా నవ్వింది.

నాలుగో ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం ఆకు అంచున గులాబిరంగు ముల్లులాంటిది కనిపించింది. పరిగెత్తుకెళ్ళి పిన్నిగారిని లాక్కొచ్చాను. ఆవిడ చీరల మూట కింద పెట్టనైనా పెట్టకుండా వచ్చింది. తన చేత్తో ఇచ్చిన ఆకు గదా, నాకన్నా ఆవిడకే ఎక్కువ సంబరం. కుండీ చుట్టూ తిరిగి, ఒంగి, కళ్ళు చికిలించి చూసింది.

"ఒకటి కాదమ్మాయ్, రెండు! అదుగో, ఆ ఆకు వెనకాల చూడు!" అని చూపుడు వేలు మొగ్గకి ఆనించినంత పని చేసింది.

ఆ వెంటనే నాలిక కరుచుకుని వేలు మడిచేసింది. మావైపు మొగ్గలకీ పిందెలకీ వేలు చూపించరు. చూపిస్తే రాలిపోతాయంటారు. పాదు మీది సొరపిందెనైనా సరే పిడికిలి మూసి చూపిస్తారు.

"అయ్యో, సంతోషంలో వేలు చూపించేశానే," అంది ఆవిడ, నిజంగానే భయపడుతూ.

నేను నవ్వేశాను. నేను సండే స్కూల్ టీచర్ని కూడా. దిష్టి లేదు, శకునాలు లేవు, పిల్లి ఎదురొస్తే అది దాని పని మీద వస్తుంది అని ప్రతి ఆదివారం చిన్నపిల్లలకి బల్ల గుద్ది చెప్పేదాన్ని. "ఇవన్నీ పిచ్చి నమ్మకాలు పిన్నిగారూ, వేలికి మొగ్గ రాలితే తోటమాళ్ళందరూ చేతులు నరుక్కోవాలి," అన్నాను. ఆవిడ కొంచెం కుదుటపడి వెళ్ళింది.

ఆ రాత్రి తుంపర పడితే కుండీని మెట్ల కిందకి జరిపాను. మర్నాడు వెలుతురు చాలదనిపించి అరుగు మీదకి తెచ్చాను. మేకలొస్తాయని భయమేసి నూతిగట్టు ఎక్కించాను. మొగ్గలు నాకు కనపడాలి గదా, అందుకని వాటి మొహం మా కిటికీ వైపు వచ్చేలా కుండీని తిప్పి పెట్టాను. అయిదో రోజు పొద్దున్న చూస్తే రెండు మొగ్గలూ పసుపు రంగుకి తిరిగి నేల మీద పడి ఉన్నాయి.

నాలుగేళ్ళు ఎదురు చూశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ నీళ్ళ వెనకాలే కోపం వచ్చింది. నా కోపానికి ఎప్పుడూ ఒక మనిషి కావాలి. బిందె తీసుకుని వీధి కుళాయి దగ్గరికి వెళ్ళాను. పొద్దున పూట వీధిలో ఆడవాళ్ళందరూ అక్కడే ఉంటారు. ఎవరో మామూలుగా అడిగారు, మొగ్గలేసిందట గదా, ఎప్పుడు పూస్తుంది టీచరుగారూ అని.

"ఇంకేం పూస్తుంది? పిన్నిగారు వేలు పెట్టి మరీ చూపించారు గదా. ఆ వేలు పడ్డాక ఏది నిలుస్తుంది?" అన్నాను.

పిన్నిగారు వరసలో నా వెనక మూడో మనిషి. నేను చూసుకోలేదు. చూసినా ఆగేదాన్నా అంటే, నిజం చెప్పాలి, ఆగేదాన్ని కాదేమో. ఆవిడ ఖాళీ బిందె అక్కడే వదిలేసి, తల వంచుకుని వెళ్ళిపోయింది. ఆ బిందె మధ్యాహ్నం దాకా అక్కడే ఉంది.

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే వీధి నాలుగు రోజుల్లో మర్చిపోయేది. అన్నది నేను. "దిష్టి లేదనే చర్చి టీచరమ్మే అందంటే ఊరికే అంటుందా?" అన్నారు. ఆవిడ మూట విప్పబోతే తర్వాత రండి అనడం మొదలుపెట్టారు. ఎదురింటి బాలింత ఆవిణ్ణి చూసి ఒళ్ళో పిల్ల మొహం మీద చెంగు కప్పడం నేను నా కళ్ళతో చూశాను. అన్నిటికన్నా పాడు సంగతి ఏంటంటే, ఆవిడే దాన్ని నమ్మింది. వేలు చూపించానే అని నాలిక కరుచుకున్న మనిషి గదా. కుడిచేతిని చీర కొంగులో చుట్టి పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. కొంగులోంచి చెయ్యి తీయకుండానే చీరలు చూపించేది, ఎడం చేత్తో. నన్ను అమ్మాయ్ అనడం మానేసి టీచరుగారూ అనడం మొదలుపెట్టింది. ఆ ఏడు ఆవిడ గాబులో మొక్క పన్నెండు మొగ్గలేసింది. పూసిన రాత్రి ఒక్కరూ రాలేదు. నేనూ వెళ్ళలేదు. వాసన మాత్రం కిటికీలోంచి వచ్చి మంచం మీద పడుకోనివ్వలేదు. మర్నాడు ఆవిడ ఆ మొక్కని వేళ్ళతో సహా పీకి కాలవలో పడేసి వచ్చింది. దసరాలోపు ఇల్లు ఖాళీ చేసింది.

నేను అప్పటికీ, సరే, నేనన్నదాంట్లో తప్పేముంది, మొగ్గలు రాలిన మాట నిజమే గదా అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

తర్వాత రెండేళ్ళకి నాకు బాపట్ల బదిలీ అయింది. సామానంతా లారీలో వెళ్ళింది, ఆ కుండీ మాత్రం పాసింజరు బండిలో నా ఒళ్ళో వచ్చింది. బాపట్లలో మాకు డాబా మీద ఒక గది, దాని ముందు కాస్త జాగా. మొక్కకి అక్కడి గాలి పడింది. మరుసటి వానాకాలానికే అయిదు మొగ్గలేసింది. ఈసారి నేను ఎవరికీ చెప్పలేదు. అంతటితో ఆగలేదు. ఒక పాత వాయిల్ చీర తెచ్చి మొక్క చుట్టూ తెర కట్టాను, ఎవరి కళ్ళూ పడకుండా. సండే స్కూల్ టీచరు కట్టిన తెర! మావారు అది చూసి, "లోపల ఘోషా స్త్రీ ఎవరైనా ఉన్నారా?" అన్నారు. గాలి ఎటు వీస్తే అటు తెర ఎగిరేది, అందుకని నేను తెరతో సహా కుండీని డాబా ఈ మూల నుంచి ఆ మూలకి జరుపుతూ ఉండేదాన్ని. వారం తిరక్కుండా అయిదు మొగ్గలూ రాలిపోయాయి.

ఏ వేలూ చూపించలేదు. ఏ కన్నూ పడలేదు. మరెందుకు రాలినట్టు?

మా చర్చిలో కానుకల సంచీ పట్టే ఒక పెద్దాయన ఉండేవాడు. జీవితమంతా సర్కారు తోటలో తోటమాలిగా పనిచేసి రిటైరైన మనిషి. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన్ని ఆపి అడిగాను.

"మొగ్గేశాక కుండీ కదిపారాండీ?" అన్నాడు.

"కొంచెం అటూ ఇటూ జరిపాను."

"కొంచెమంటే ఎన్నిసార్లండీ?"

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండో చెయ్యి కూడా అయిపోయేసరికి ఆయన నవ్వాపుకోలేకపోయాడు.

"అది వెలుతురు ఎటునుంచి వస్తందో చూసుకుని మొగ్గని అటు తిప్పుకుంటదండి. మీరు కుండీ తిప్పేస్తే మళ్ళీ తిప్పుకోవాల. పాపం ఎన్నిసార్లని తిప్పుకుంటదండీ? ఓపిక లేక వదిలేస్తది. మొగ్గేసిన కుండీని ముట్టుకోకూడదండి."

"మరి వేలు చూపిస్తే?" అన్నాను.

"ముప్పై ఏళ్ళు రోజూ వేలు పెట్టే లెక్కపెట్టానండి మొగ్గలు. ఆఫీసర్లకి లెక్క చెప్పద్దాండీ మరి?"

ఆదివారం ఆరాధనలో అందరం నిలబడి పాపపు ఒప్పుకోలు గడగడా చదువుతాం. వందమందితో కలిసి ఒప్పుకుంటే ఎంత తేలికో. ఒక్కదాన్నే వెళ్ళి, ఒక్క మనిషి మొహం చూసి చెప్పాలంటే మాత్రం నాకు ఆర్నెల్లు పట్టింది. ఆ ఆర్నెల్లూ డాబా మీద తిరుగుతూనే ఉన్నాను. కింద వాటా వాళ్ళు పైన ఏదైనా మిషను పెట్టారా అని అడిగారు.

ముందు తెనాలి వెళ్ళాను. ఎక్కడ అన్నానో అక్కడే చెప్పాలి గదా అనుకుని, పొద్దున్న కుళాయి వేళకి చేరేలా మొదటి బండికే వెళ్ళాను. కుళాయి లేదు. ఇంటింటికీ కనెక్షన్లు ఇచ్చేశారట, గొట్టం చివర కొయ్యముక్క కొట్టి ఉంది. అక్కడ ఎవరూ లేరు. ఎదురింటావిడ వాకిట్లో ముగ్గేస్తుంటే ఆవిడకే చెప్పాను, ఆ మొగ్గలు రాలింది పిన్నిగారి వేలు వల్ల కాదండి, నేను కుండీ కదపడం వల్ల అని.

"అయ్యో, ఆ సంగతి ఇప్పుడెవరికి గుర్తుందండీ!" అంది ఆవిడ. నేను ఊపిరి పీల్చుకునే లోపే మళ్ళీ అంది, "అయినా ఆవిడ వేలు కొంచెం అలాంటిదేలెండి. మా వదిన వాళ్ళ ఆనపపాదు కూడా అలాగే పోయింది."

నేనన్న మాట నా కన్నా బాగా స్థిరపడింది ఆ వీధిలో. పిన్నిగారు రేపల్లెలో తమ్ముడింటి పక్కన ఒక గదిలో ఉంటోందని ఆవిడే చెప్పింది.

రేపల్లె బండి ఎక్కాను. వేమూరు దాటింది. ఏం చెప్పాలో మనసులో అనుకుంటుంటే ప్రతి వాక్యమూ నా తరఫునే వాదిస్తోంది. భట్టిప్రోలులో దిగిపోయాను. అదే బండి రేపల్లె వెళ్ళి తిరిగొచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద పచార్లు చేసి, దాంట్లోనే తెనాలి దాకా వచ్చి, అక్కణ్ణుంచి ఇంటికొచ్చేశాను. మరుసటి శనివారం మావారే టికెట్టు కొనిచ్చి, "ఈసారి చివరిదాకా కొన్నాను, మధ్యలో దిగితే నష్టం," అన్నారు. క్రితంసారీ చివరిదాకానే కొన్నానని ఆయనకి చెప్పలేదు.

పిన్నిగారు గది ముందు పీట మీద కూర్చుని బియ్యం ఏరుతోంది, ఎడం చేత్తో. కుడిచెయ్యి కొంగులో ఉంది. నన్ను చూసి లేచింది.

"రండి టీచరుగారూ. కూర్చోండి. సారుగారు బాగున్నారాండీ?"

ఆ అండీలన్నీ ఒక్కొక్కటీ తగిలాయి నాకు. కాఫీ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టేసి చెప్పాల్సిందంతా చెప్పాను, మెట్ల కిందకి జరపడం, అరుగు, నూతిగట్టు, కిటికీ వైపు తిప్పడం, బాపట్ల తెర, తోటమాలి మాట. "మీ వేలు కాదు పిన్నిగారూ. నా చేతులు. నేనే రాల్చాను. రాల్చి మీ మీద పెట్టాను," అన్నాను. ఏడ్చాను కూడా.

ఆవిడ తిడుతుందేమో అనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను. ఆవిడ మాత్రం, "పోనీలెండి, ఏదో అయిపోయింది," అంది. చేట పక్కన పెట్టి, "అయినా నేను వేలు చూపించిన మాట నిజమే గదండీ," అంది మెల్లగా.

క్షమించమని అడగడానికి వెళ్ళాను, క్షమించేసింది. కానీ నేను చెప్పింది నమ్మలేదు. ఇన్నేళ్ళు తన వేలిని అలా మూట కట్టుకు తిరిగిన మనిషి, నాలుగు మాటలకి విప్పేస్తుందా? ఆ గదిలోంచి బయటికొస్తూ ఒకటే అనుకున్నాను. ఆ చెయ్యి కొంగులోంచి బయటికి రావాలి. రాకపోతే నేను ఎన్ని సారీలు చెప్పినా ఒకటే.

ఆ ఏడు బాపట్ల డాబా మీద కుండీని కిటికీ ఊచలకి తాడేసి కట్టేశాను. తాడు కుండీకి కాదు, నాకు. మొగ్గలు మూడొచ్చాయి. వాన పడ్డా, ఎండ కాసినా, గాలికి కుండీ ఒరిగినా ముట్టుకోలేదు. ఆ రెండు వారాలూ నా చేతులకి పనిలేక ఇంట్లో ఉన్న ఇత్తడి సామానంతా రెండుసార్లు తోమాను. మొగ్గల మెడలు పైకి లేవడం మొదలవగానే ఉత్తరం రాశాను. వస్తుందని నమ్మకం లేదు. వచ్చింది, చిన్న సంచితో, బస్సులో.

మర్నాడు రాత్రి మూడూ పూశాయి. కింద వాటా వాళ్ళు, పక్కింటివాళ్ళు అందరూ డాబా ఎక్కారు. ఒకావిడ కర్పూరం తెచ్చి, "మీకు అభ్యంతరం లేదు గదండీ?" అని మొహమాటంగా అడిగింది. లేదన్నాను. పిన్నిగారు గది గుమ్మం దగ్గరే, అందరి వెనకాల నిలబడింది. చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చాను. "ఈ మొక్క ఈవిడదే. ఈవిడిచ్చిన ఆకే," అని అందరికీ చెప్పాను. తెనాలి కుళాయి దగ్గర చెప్పాల్సింది బాపట్ల డాబా మీద చెప్తున్నానని నాకు తెలుసు.

"ఎన్ని పూశాయో లెక్కపెట్టండి పిన్నిగారూ," అన్నాను.

ఆవిడ పువ్వుల వైపు చూసింది. కళ్ళు మెరిశాయి. గడ్డం కొంచెం ఎత్తింది, ఒకటి. మళ్ళీ ఎత్తింది, రెండు. ఇంకోసారి, మూడు. గడ్డంతోనే లెక్కపెట్టింది. చెయ్యి కొంగులోనే ఉండిపోయింది.

పొద్దున్న బస్టాండులో ఒక ఆకు తడిగుడ్డలో చుట్టి ఇచ్చాను. వద్దంది. "ఇక నాకెందుకండీ," అంది. నేను సంచిలో పెట్టేశాను. నా మొండితనం అప్పుడైనా పనికొచ్చింది.

తొంభైల మధ్యలో నాకు రేపల్లె బదిలీ అయింది. పిన్నిగారి గదికి రెండు వీధుల అవతల ఇల్లు దొరికింది. నేను సంచిలో పెట్టిన ఆకుని ఆవిడ అప్పటికే పాతింది. గోడ వారగా ఒక బండరాయి మీద కుండీ పెట్టుకుంది, దాన్ని నిజంగానే పాతి మర్చిపోయింది. వారానికి రెండుసార్లు వెళ్ళేదాన్ని. రండి టీచరుగారూ అనేది, కాఫీ ఇచ్చేది, ఎడం చేత్తో. నేను అలవాటు పడ్డాను అని రాస్తే అబద్ధం అవుతుంది.

నేను రేపల్లె వచ్చిన రెండో ఏడు వానలకి ఆ కుండీ నాలుగు మొగ్గలేసింది. ఆవిడ నాకు చెప్పలేదు. నేనే ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ చూశాను. సన్నగా వాన పడుతోంది. చూరు నుంచి నీళ్ళు ధారగా సరిగ్గా ఒక మొగ్గ మీదే పడుతున్నాయి. పిన్నిగారు లోపల పొయ్యి దగ్గరుంది. ఒక్క జానెడు ఇటు జరిపితే చాలు. ఒక్క జానెడే గదా. నేను ఆలోచించలేదు, నా చేతులే వెళ్ళాయి. కుండీ అంచు పట్టుకున్నాను.

"అమ్మాయ్!"

గుమ్మంలో పిన్నిగారు. ఒక చేతిలో అట్లకాడ. రెండో చెయ్యి కొంగులోంచి బయటికొచ్చి, వేలు నా మొహం మీదకి చాచి ఉంది.

"తియ్ చెయ్యి! బుద్ధుందా నీకు? ఇన్నేళ్ళొచ్చినా ఆ దూకుడు పోలేదా? నువ్వే గదే చెప్పావు కదపకూడదని! ఇదుగో, ఇదొకటి. అదుగో అది. ఆ వెనకాల రెండు." ఆవిడ వానలోకి వచ్చేసింది, ఒక్కొక్క మొగ్గనీ వేలు పెట్టి చూపిస్తోంది. "ఇందులో ఒక్కటి రాలిందో, ఈసారి మాత్రం నిన్ను ఊరుకోను. వీధంతా వినపడేలా నీ పేరే చెప్తాను!"

చెప్పండి పిన్నిగారూ, అన్నాను. ఎందుకైనా మంచిదని నా రెండు చేతులూ నా చీర కొంగులో చుట్టేసుకున్నాను.